హైదరాబాద్‌లో పండుగప్ప కొనడం, కోయించడం, వండుకోవడం ఎలా

నగరంలో చేపలంటే చాలా ఇళ్లలో రవ్వ, బొచ్చె. చుట్టాలొస్తే కొరమీను. పండుగప్ప పేరు మాత్రం భీమవరం, నరసాపురం, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తుంది. మిగతావాళ్లకు అదే చేప హోటల్ మెనూలో 'సీ బాస్' అనో, 'బారమండి' అనో, బెంగాలీ హోటల్‌కి వెళ్తే 'భెట్కీ' అనో ఎదురవుతుంది. పేర్లు ఎన్నున్నా చేప ఒక్కటే. మాంసం దళసరి, ముళ్లు తక్కువ, కొవ్వు తక్కువ, నీచు వాసన కూడా తక్కువే. నన్నడిగితే చిన్నపిల్లలు, పెద్దవయసువాళ్లు కలిసి ఉండే ఇంటికి ఇంతకంటే అనువైన చేప లేదు.

అయితే రవ్వను వండినట్టు దీన్ని వండకూడదు. ఎక్కువసేపు ఉడికిస్తే పీచు కట్టి గట్టిపడుతుంది. మసాలా దట్టంగా పెడితే దాని తీపి రుచి కనపడకుండా పోతుంది. తక్కువసేపు, తక్కువ మసాలా, తక్కువ నూనె. పెట్టిన డబ్బుకు రుచి, పోషకాలు రెండూ దక్కాలంటే చేయాల్సింది ఇదే. కొనే దగ్గర నుంచి మొదలుపెడదాం.

ముందు బాస్ ఏదో, బాసా ఏదో తెలుసుకోండి

హైదరాబాద్‌లో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో 'బాసా' అని రాసి ఉండే తెల్లటి పల్చటి ముక్కలు సీ బాస్ కాదు. అది వియత్నాంలోని మెకాంగ్ నది ప్రాంతం నుంచి వచ్చే పంగాసియస్ జాతి చేప. జెల్లలకు, వాలుగకు దూరపు చుట్టం. దానికి పొలుసులే ఉండవు. తినకూడని చేపేం కాదు, చవక కూడా. కానీ అందులో నీరు ఎక్కువ, ప్రోటీన్ కొంత తక్కువ, గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు మరీ తక్కువ. సీ బాస్ ధర పెట్టి బాసా తినడం మాత్రం నష్టమే.

గుర్తుపట్టడం కష్టం కాదు. బాసా ముక్క తోలు లేకుండా, వెడల్పుగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. పండుగప్ప ముక్క మధ్యలో ఎత్తుగా, గట్టిగా ఉంటుంది, తోలుతో అమ్మితే వెండిరంగు కనిపిస్తుంది. హోటల్లో మెనూ చూసి అనుమానం వస్తే, తోలుతో ఉన్న ముక్క ఇస్తారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతోనే చాలావరకు సంగతి తేలిపోతుంది.

పెద్ద హోటళ్లలో 'చిలియన్ సీ బాస్' అని మరొకటి కనిపిస్తుంది. అది కూడా నిజంగా బాస్ కాదు. దక్షిణ ధ్రువం వైపు చల్లటి సముద్రాల్లో దొరికే పెటగోనియన్ టూత్‌ఫిష్ అది. కొవ్వు బాగా ఎక్కువ, ధర ఇంకా ఎక్కువ. దాని వంటలు చూసి అదే పద్ధతిలో పండుగప్ప వండితే ముక్క ఎండిపోతుంది. మధ్యధరా సముద్రం వైపు దొరికే యూరోపియన్ సీ బాస్ ఇంకో రకం. అది చిన్నది, మాంసం మాత్రం మన పండుగప్పకు దగ్గరగానే ఉంటుంది.

పండుగప్ప సముద్రంలోనూ, నదులు సముద్రంలో కలిసే ఉప్పుకయ్యల్లోనూ, మంచినీళ్లలోనూ బతుకుతుంది. గుడ్లు పెట్టడానికి మాత్రం ఉప్పునీళ్లే కావాలి. ఇంకో విచిత్రం ఉంది. ఇవి ముందు మగచేపలుగా పెరిగి, కొన్నేళ్లకు ఆడచేపలుగా మారతాయి. రొయ్యల్ని, చిన్న చేపల్ని వేటాడి తింటాయి, ఆ మాంసం గట్టిదనం అక్కడిదే. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ 1997లో ఈ చేపతో హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీయగలిగింది. ఆ తర్వాతే మన దేశంలో చెరువుల్లో, పంజరాల్లో పండుగప్ప పెంచడానికి దారి పడింది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇప్పుడు పెంచుతున్నారు. మీకు మార్కెట్లో ఒకే సైజులో వరుసగా పేర్చి కనిపించేవి ఎక్కువగా చెరువు చేపలే. వాటిలో తప్పేమీ లేదు. తాజాగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఇందులో ఏముంది, ఏం లేదు

వండని సీ బాస్ 100 గ్రాముల్లో సుమారు 97 కేలరీలు, 18 గ్రాముల ప్రోటీన్, 2 గ్రాముల కొవ్వు ఉంటాయి. పిండి పదార్థం అసలు ఉండదు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు నిశ్చింతగా తినొచ్చు. చూసుకోవాల్సింది పక్కన పెట్టుకునే అన్నమే. వండాక నీరు పోయి ముక్క చిక్కబడుతుంది కాబట్టి 100 గ్రాముల వండిన ముక్కలో ప్రోటీన్ సుమారు 23 గ్రాములకు చేరుతుంది.

ఈ లెక్క మన ఇంటికి ఎలా పనికొస్తుందో చూడండి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం 65 కిలోల మగవాళ్లకు రోజుకు 54 గ్రాములు, 55 కిలోల ఆడవాళ్లకు సుమారు 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. వండిన పండుగప్ప 150 గ్రాములు, అంటే మాంసం బాగా ఉన్న రెండు ముక్కలు తింటే దాదాపు 35 గ్రాములు వస్తాయి. ఒక ఇల్లాలికి రోజంతా కావాల్సినదానిలో నాలుగింట మూడు వంతులు ఒక్క పూటలో అందినట్టే. అందుకే, వడ్డించేటప్పుడు మంచి ముక్కలన్నీ మగవాళ్లకు, పిల్లలకు వేసి తాను తోక ముక్క, పులుసుతో సరిపెట్టుకునే అలవాటు మన ఇళ్లలో పోవాలి. ఇది నేను గట్టిగా నమ్మి చెబుతున్న మాట.

గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు 100 గ్రాముల్లో సుమారు అర గ్రాము పైనే ఉంటాయి. చెరువు చేపల్లో మాత్రం వాటికి వేసిన మేతను బట్టి ఇది మారుతుంది. సెలీనియం సుమారు 36 మైక్రోగ్రాములు ఉంటుంది, అంటే పెద్దవాళ్లకు రోజుకు కావాల్సినదానిలో సగానికి పైనే. ఫాస్ఫరస్, పొటాషియం, బి6 విటమిన్ కూడా బాగానే దొరుకుతాయి.

లేనివి కూడా చెప్పుకోవాలి. ఐరన్, కాల్షియం ఇందులో చాలా తక్కువ. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు 'చేప తింటున్నాం కదా' అని ఊరుకోకూడదు. కాల్షియం కావాలంటే ముళ్లతో సహా నమిలి తినే మెత్తళ్లే దీనికంటే నయం.

పెద్ద చేపలు చిన్న చేపల్ని తింటూ ఎన్నో ఏళ్లు బతుకుతాయి కాబట్టి వాటి ఒంట్లో పాదరసం కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు ఐదారు కిలోల పెద్ద చేప ముక్కలు కాకుండా కిలో, కిలోన్నర చేప తీసుకోండి. రుచిలోనూ అదే మేలు.

చేప తిని పాలు తాగితే, పెరుగు తింటే బొల్లి వస్తుందని మన ఇళ్లలో ఇప్పటికీ భయపెడతారు. బొల్లి అలా రాదు. అది మన శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ చర్మంలో రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చేది. చేప ముక్కలకు పెరుగు పట్టించి వండే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. చేపలంటే అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ఏ చేపకైనా దూరంగా ఉండాల్సిందే.

మార్కెట్లో ఎలా ఎంచుకోవాలి

రాంనగర్ మార్కెట్‌కి గానీ బేగంబజార్‌కి గానీ పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక వెళ్తే ఐస్ కరిగి ఉంటుంది, మంచి సరుకు అయిపోయి ఉంటుంది. ఆదివారం కాకుండా మరో రోజు కుదిరితే ఇంకా మంచిది, నింపాదిగా చూసుకోవచ్చు. జూన్ మొదటి వారం తర్వాత వచ్చే మృగశిర రోజున చేపలు తినడం మన దగ్గర ఆనవాయితీ. ఆ రెండు మూడు రోజులు మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు, రేటు కూడా ఆకాశంలో ఉంటుంది. పండుగప్ప కోసం అయితే ఆ వారం వదిలేయండి.

తలకాయ దగ్గర నుంచి చూడటం మొదలుపెట్టండి. పండుగప్ప తల మొనదేలి, కళ్ల పైభాగంలో కాస్త లోపలికి నొక్కినట్టు ఉంటుంది. అక్కడి నుంచి వీపు ఒక్కసారిగా పైకి లేస్తుంది. నోరు పెద్దది, కింది దవడ పై దవడ కంటే ముందుకు వస్తుంది. తోక చీలి ఉండదు, విసనకర్రలా గుండ్రంగా ఉంటుంది. వెలుతురు తగిలేలా కాస్త తిప్పి చూస్తే కన్ను ఎర్రబంగారు రంగులో మెరుస్తుంది. ఈ మెరుపు తాజా చేపలో స్పష్టంగా కనిపిస్తుంది. పాతబడేకొద్దీ కంటి మీద తెల్లటి పొర కమ్మి, గుడ్డు లోపలికి కుంగిపోతుంది.

ఇప్పుడు మొప్ప ఎత్తి చూడాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ చేప మొప్ప డిప్ప అంచు బ్లేడులాంటిది, కింద ముల్లు కూడా ఉంటుంది. వేలు పెడితే తెగుతుంది. అమ్మేవాళ్లనే ఎత్తి చూపించమనండి. లోపల ఎర్రగా, తడిగా, జిగురు లేకుండా ఉండాలి. ఇటుక రంగుకో, బూడిద రంగుకో తిరిగి ఉంటే వద్దు. నీళ్లు చల్లి మెరిపించిన చేపనైనా మొప్ప దగ్గర వాసన చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. సముద్రపు గాలి వాసన ఉండొచ్చు, అమ్మోనియా ఘాటు ఉండకూడదు.

చివరగా వీపు మీద వేలితో నొక్కండి. గుంట వెంటనే పూడాలి. పొట్ట భాగం మెత్తగా జారిపోతున్నట్టు ఉంటే లోపల పేగులు కుళ్లడం మొదలైందన్నమాట. ముందే కోసి కుప్ప పోసిన ముక్కలు మాత్రం కొనకండి. తల, కన్ను, మొప్ప లేకుండా చేప వయసు చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఏ వంటకు ఏ సైజు? అరకిలో నుంచి ముప్పావు కిలో వరకు ఉన్నది ముక్కలు చేయకుండా చేప పళంగా ఆవిరి మీద ఉడికించుకోవడానికి, ఓవెన్‌లో కాల్చుకోవడానికి. కిలో నుంచి రెండు కిలోలది పులుసుకు, వేపుడుకు. రెండు కిలోలు దాటినది ముళ్లు తీసిన ముక్కలకు, తలకాయ పులుసుకు బాగుంటుంది. రవ్వ, బొచ్చె కంటే దీని రేటు బాగా ఎక్కువ. కాబట్టి ముందే లెక్క వేసుకోండి. చేపను చేపగానే తూకం వేస్తారు. ముళ్లు లేకుండా మాంసం మాత్రమే తీయిస్తే చేతికి వచ్చేది దాదాపు సగమే. తలకాయ, నడి ముల్లు పారేయకుండా ఇంటికి తెచ్చుకుంటేనే గిట్టుబాటు.

కోయించేటప్పుడు పక్కనే నిలబడండి

చేప తూకం అయ్యాక, కోసేవాళ్ల చేతికి వెళ్లాక చాలామంది కూరగాయలకో, ఫోన్‌లోకో వెళ్లిపోతారు. వంట సగం చెడేది ఇక్కడే. రవ్వకు, బొచ్చెకు అలవాటుపడ్డ చెయ్యి పండుగప్పను కూడా పల్చగా కొట్టేస్తుంది. ముందే చెప్పండి: "అన్నా, పొలుసు మొత్తం తియ్యి, తోలు ఉండనియ్యి. ముక్కలు రెండు వేళ్ల మందం కొట్టు. తలకాయ నిలువునా రెండు చెయ్యి, మొప్పలు తీసెయ్యి."

తోలు ఎందుకు ఉంచాలంటే, ముక్క విడిపోకుండా పట్టి ఉంచేది అదే. వేపుడులో కరకరలాడేదీ అదే. ఒమేగా-3 ఉన్న పల్చటి కొవ్వు కూడా తోలు కిందే ఎక్కువ. పొట్ట లోపల నల్లటి పొర ఉంటే గీకించండి. నడి ముల్లు వెంట గడ్డకట్టిన రక్తపు గీత ఒకటి ఉంటుంది, దాన్ని కత్తి మొనతో చీల్చి కడిగించండి. నీచు వాసన ఎక్కువగా వచ్చేది ఆ గీత నుంచే. దాన్ని అక్కడే తీయిస్తే ఇంట్లో గంటల తరబడి కడిగే పని తప్పుతుంది. లోపల జన, అంటే చేప గుడ్లు, ఉంటే వదలకండి, దాన్ని విడిగా వేయించుకోవచ్చు.

ముషీరాబాద్ నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లాలంటే గంట ఎక్కడికీ పోదు. ఒక కవర్ నిండా ఐస్ అడిగి తీసుకుని, చేప కవర్ దాని మీద పెట్టుకోండి. వేసవిలో ఇది తప్పనిసరి.

ఇంటికొచ్చాక

ముక్కల్ని చల్లటి నీళ్లలో ఒక్కసారి కడగండి. గుప్పెడు రాళ్ల ఉప్పు, చిటికెడు పసుపు వేసి మెల్లగా రుద్ది, మళ్లీ రెండుసార్లు నీళ్లు మార్చండి. అంతే చాలు. మజ్జిగలో గంట, నిమ్మరసంలో అరగంట నానబెట్టడం లాంటివి ఈ చేపకు అక్కర్లేదు. నిమ్మరసం పులుపుకు పైభాగం ముందే ఉడికినట్టు తెల్లబడి, తర్వాత పొయ్యి మీద పీచుగా మారుతుంది. నీళ్లలో ఎక్కువసేపు వదిలేస్తే రుచితో పాటు నీళ్లలో కరిగే బి విటమిన్లూ కొంత పోతాయి.

ఆ రోజే వండకపోతే తడి తుడిచి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టండి. రెండో రోజు దాటనివ్వకండి. ఇంకా ఆగాలంటే ఒక్కో పూటకు సరిపడా విడిగా కవర్లలో గాలి లేకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. వండే ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చుకుంటే నిదానంగా కరుగుతుంది. వేడినీళ్లలో పడేసి కరిగించడం, వంటగట్టు మీద మధ్యాహ్నం దాకా వదిలేయడం రెండూ వద్దు. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి.

ఎంతసేపు ఉడికించాలి

వంట ఏదైనా గుర్తుపెట్టుకోవాల్సిన కొలత ఒకటే: ముక్క అంగుళం మందం ఉంటే సుమారు పది నిమిషాలు. వండని ముక్క గాజులా మసకగా ఉంటుంది. ఉడికేకొద్దీ పాలలా తెల్లబడుతుంది. ఫోర్క్‌తో మెల్లగా తిప్పితే పొరలు పొరలుగా విడిపోవాలి, నడి ముల్లు దగ్గర మాంసం అంటుకోకుండా రావాలి. అప్పుడు దించేయండి. వంట థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే ఉడికినట్టే. 'ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదాం, పచ్చి ఉందేమో' అనే టెన్షన్ వద్దు. ఇందులో కొవ్వు తక్కువ కాబట్టి ఆ ఐదు నిమిషాలకే ఎండిపోతుంది.

పులుసు

పులుసుకు పండుగప్ప పెట్టింది పేరు. కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు వేడినీళ్లలో నానబెట్టండి. వెడల్పాటి గిన్నె గానీ మట్టి దాక గానీ తీసుకోండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, అదే ముఖ్యం.

నాలుగు పెద్ద చెంచాల నూనె వేడిచేసి, అర చెంచా మెంతులు, కరివేపాకు, చీల్చిన ఐదారు పచ్చిమిర్చి వేయండి. మెంతులు మాడితే పులుసంతా చేదెక్కుతుంది, ఎర్రబడగానే మూడు ఉల్లిపాయల ముద్ద వేసేయండి. ఉల్లిముద్ద నూనె వదిలేదాకా ఓపిగ్గా వేయించాలి. పులుసుకు చిక్కదనం ఇక్కడి నుంచే వస్తుంది. తర్వాత ఒక చెంచా అల్లంవెల్లుల్లి, అర చెంచా పసుపు, మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, సరిపడా ఉప్పు. గరం మసాలా వద్దు. లవంగం, చెక్క ఘాటు ఈ చేపకు నప్పదు.

చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్లు పోసి పులుసును ముందే బాగా మరిగించండి. పది, పన్నెండు నిమిషాలకు పచ్చివాసన పోయి, అంచుల్లో నూనె తేలుతుంది. ఇప్పుడు ఉప్పు, పులుపు చూసుకోండి, ఎందుకంటే ముక్కలు వేశాక కలిపే వీలుండదు. అంతా కుదిరాకే ముక్కలు ఒక్కొక్కటిగా పరచండి. గరిటె పక్కన పెట్టేయండి. మధ్యమధ్యలో గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే పులుసు ముక్కల మీదకు ఎక్కుతుంది. మధ్యస్థంగా మంట పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించండి. దించే ముందు చెంచా జీలకర్ర-మెంతి పొడి, కొత్తిమీర.

దించాక కనీసం రెండు గంటలు కదపకండి. పులుపు ముక్కలోకి దిగేది అప్పుడే. వేసవిలో చింతపండు సగం తగ్గించి పుల్లటి మామిడికాయ ముక్కలు వేస్తే ఇంకా బాగుంటుంది. ఉడికేటప్పుడు చేపలోని కొవ్వు, విటమిన్లు కొంత పులుసులోకి దిగుతాయి కాబట్టి పులుసు మిగిల్చి పారబోయకండి. పాత హైదరాబాదీ ఇళ్లలో నువ్వులు, పల్లీలు, కొబ్బరి వేయించి నూరిన ముద్దతో చింతపండు సాలన్ పెడతారు. అది పండుగప్పకూ బాగుంటుంది, కానీ నువ్వులు, పల్లీల నూనెతో కేలరీలు పెరుగుతాయి. అప్పుడు పోసే నూనె సగానికి తగ్గించండి.

పెనం మీద వేపుడు

బార్లలో, హోటళ్లలో అపోలో ఫిష్ అలవాటైన ఊరు మనది. పిండిలో ముంచి, నూనెలో దేవి, మళ్లీ పెరుగు, సాస్, కరివేపాకుతో వేయించే ఆ వంటకు బాసా అయినా, మరేదైనా సరిపోతుంది. పండుగప్పను అలా వాడటం వృథా. కొవ్వు తక్కువ ఉన్న చేపను నూనెలో ముంచితే ఆ నూనెనే పీల్చుకుంటుంది, మీరు ఎంచుకున్న లాభమే పోతుంది.

ముక్కల తడి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. అరకిలోకు ఒక చెంచా కారం, పావు చెంచా పసుపు, ఉప్పు, అర చెంచా అల్లంవెల్లుల్లి, అర చెంచా మిరియాల పొడి, ఒక చెంచా బియ్యప్పిండి, పిండి కలవడానికి సరిపడా నీళ్లు. ఇరవై నిమిషాలు చాలు. దళసరి పెనం బాగా వేడెక్కాక రెండు చెంచాల నూనె వేసి, తోలు వైపు కిందికి పెట్టండి. మంట మధ్యస్థంగా ఉంచి నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు. తోలు కరకరలాడేసరికి పెనాన్ని అదే వదులుతుంది. అంటుకుని ఉందంటే ఇంకా కాలేదని అర్థం, బలవంతంగా లాగకండి. రెండోవైపు మూడు నిమిషాలు. నిమ్మకాయ పళ్లెంలో పిండుకోవాలి, పెనం మీద కాదు.

ఇడ్లీ పాత్రలో ఆవిరి చేప

పిల్లలకు, జబ్బు పడి లేచినవాళ్లకు, బరువు తగ్గాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ముప్పావు కిలో చేప పళంగా తీసుకుని రెండు వైపులా మూడేసి గాట్లు పెట్టండి. కొత్తిమీర కట్ట, నాలుగు పచ్చిమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల పచ్చికొబ్బరి, ఉప్పు కలిపి నీళ్లు లేకుండా రుబ్బండి. ఈ పచ్చడిని గాట్లలోకి, పొట్టలోకి కూరండి. అరటాకును మంట మీద కాస్త చూపిస్తే మెత్తబడుతుంది, అందులో చేపను చుట్టి దారం కట్టండి.

ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాకే చేప పెట్టాలి. చల్లటి నీళ్లతో మొదలుపెడితే సమయం లెక్క తప్పుతుంది. పదిహేను నిమిషాల తర్వాత ఆకు విప్పి వీపు మీది రెక్కను లాగి చూడండి. తేలిగ్గా ఊడి వస్తే అయిపోయింది, లేకపోతే మరో మూడు నిమిషాలు. ఆకులో దిగిన నీళ్లు పారబోయకుండా వేడి అన్నంలో కలుపుకోండి. చుక్క నూనె లేని వంట ఇది, చేప అసలు రుచి తెలిసేది ఇందులోనే. చిన్నపిల్లలకు మిర్చి మానేసి వీపు భాగం ముక్క తీసి పెట్టండి. రవ్వ, బొచ్చెల్లో మాంసం మధ్య దాగే సన్నటి చీలుముళ్లు ఇందులో ఉండవు. తల దగ్గర వరుసగా ఉండే కొన్ని ముళ్లను మాత్రం వేలితో తడిమి తీసేయండి.

తలకాయ, నడి ముల్లు

పెద్ద చేప తలకాయలో బుగ్గ దగ్గర ఉండే రెండు గుండ్రటి కండలు మొత్తం చేపలోకెల్లా మెత్తటివి. తలకాయను పులుసులో ముక్కల కంటే ఐదు నిమిషాలు ముందు వేయండి, ఎముక మందం కాబట్టి. మాంసం తీసేసిన నడి ముల్లును లీటరు నీళ్లలో అల్లం, మిరియాలు, ఉల్లికాడలు వేసి ఇరవై నిమిషాలు మరిగించి వడకడితే మంచి చారు వస్తుంది. మటన్ ఎముకల్లా గంటల తరబడి మరిగిస్తే చేదు తిరుగుతుంది.

మిగిలితే

పులుసు రెండో రోజు ఇంకా బాగుంటుంది, ఇది అందరికీ తెలిసిందే. చల్లారగానే ఫ్రిజ్‌లోకి చేరాలి. మర్నాడు మొత్తం గిన్నె వేడిచేయకుండా ఆ పూటకు కావాల్సినంతే తీసుకోండి. ముందు ముక్కలు పక్కకు తీసి, పులుసు ఒక్కటే పొగలు కక్కేలా మరిగించి, అప్పుడు ముక్కలు వేసి మూతపెట్టి రెండు నిమిషాలు సన్నటి మంట మీద ఉంచి దించండి. వేపుడు ముక్కలు మిగిలితే మళ్లీ వేయించొద్దు. ముళ్లు తీసి చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కోడిగుడ్డుతో పొరటు చేస్తే పొద్దున్న రొట్టెలోకి పనికొస్తుంది.